తెర పడ్డాక జరిగే సిట్టింగులకు రాకపోతే వేషాలు దక్కవా?

మూడోగంట
నేను హైదరాబాదులో ఒక నాటక సమాజంలో నటిస్తున్నాను. పగలంతా ఉద్యోగం, సాయంత్రం ఏడు తరువాత రిహార్సల్స్. రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో ప్రదర్శన ముగిసి, మేకప్ తీసుకుని, సామాను సర్దుకునేసరికి పది దాటుతుంది. మా సమాజంలో ముఖ్యమైన సంభాషణ అప్పుడే మొదలవుతుంది. ఎవరో ఒకరి మేడ మీదనో, ఒక్కోసారి బార్‌లోనో పెద్దలంతా చేరతారు. ఆనాటి ప్రదర్శన ఎలా జరిగిందో, తరువాత ఏ నాటకం ఎత్తుకోవాలో, ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలో అక్కడే తేలిపోతుంది. నేను ఉప్పల్ దాటి వెళ్లాలి కాబట్టి మెట్రో అందుకోవడానికి బయలుదేరి వెళ్లిపోతాను.

నాకు ఇస్తామని ముందే చెప్పిన పాత్ర ఈసారి మరొకరికి వెళ్లింది. దర్శకుడిని అడిగితే, "నువ్వు మాతో ఎప్పుడూ కూర్చోవు కదమ్మా, నీకు నాటకం మీద ఆసక్తి తగ్గిందనుకున్నాం" అన్నారు. రిహార్సల్‌కు ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్లని మనిషికి ఆసక్తి లేదని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆ పాత్ర దక్కిన అమ్మాయి మీద నాకు ఎలాంటి కోపమూ లేదు, ఆమె బాగా చేస్తుంది. నేను తెలుసుకోదలచినది ఒక్కటే. నాటకరంగంలో నిలబడాలంటే తెర పడ్డాక జరిగే ఈ సిట్టింగులకు తప్పనిసరిగా వెళ్లాలా? మీ మీ ఊళ్లలో, మీ సమాజాల్లో పద్ధతి ఎలా ఉంది?

పరిషత్తు_పాతకాపు
అమ్మా, నీకు జరిగినది అన్యాయమే. మాట ఇచ్చిన పాత్రను నీతో ఒక్క మాటైనా చెప్పకుండా మార్చడం ఏ సమాజానికీ మర్యాద కాదు. అయితే ఆ సిట్టింగులను మొత్తంగా తీసిపారేయవద్దని మాత్రం చెబుతాను. నేను గుంటూరు జిల్లావాడిని, విద్యుత్తు శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. మా తరంలో నాటకాలు వేసినవాళ్లలో చాలామంది నాలాగే బ్యాంకుల్లోనో, రెవెన్యూలోనో, రైల్వేలోనో, బడుల్లోనో ఉద్యోగాలు చేసుకున్నవాళ్లే. మాకు నటన నేర్పే బడి ఏదీ అందుబాటులో లేదు. పరిషత్తులో, అంటే ఊళ్లలో జరిగే నాటిక పోటీల్లో, మా నాటిక అయిపోయాక కల్యాణ మండపం అరుగు మీద కూర్చుని, పక్క ఊరి సమాజం వాళ్లు మా రెండో రంగంలో ఎక్కడ పట్టు తప్పిందో విడమరచి చెబుతుంటే విని నేర్చుకున్నాం. ఒక మాటను ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నాకు తెలిసింది ఆ రాత్రుల్లోనే. ఆ సాంగత్యమే లేకపోతే మనకు మిగిలేవి షీల్డులు, శాలువాలు మాత్రమే.

నల్లతెర
పెద్దాయన చెప్పిన అరుగు వేరు, ఈ అమ్మాయి చెబుతున్న బార్ వేరు. రెండింటినీ ఒక్క గాట కట్టకూడదు.

పరిషత్తు_పాతకాపు
నిజమే, ఒప్పుకుంటాను. కానీ అరుగు మీదకైనా రాత్రి పన్నెండు తరువాతే కదా చేరేవాళ్లం. పరిషత్తులో ఒక్కో రాత్రి మూడు నాలుగు నాటికలు పడతాయి, చివరిది ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళకు ఇంటికి వెళ్లవలసిన మనిషికి అరుగైనా బారైనా ఒకటే అన్న సంగతి, ఇక్కడ చదివాక నాకు బోధపడుతోంది.

కృష్ణాతీరం
పాతికేళ్లకు పైగా పరిషత్తు నాటికల్లో వేషాలు వేస్తున్న మనిషిగా కొంచెం వివరంగా రాస్తాను. హైదరాబాదు ప్రయోగ నాటకాల వాళ్లకు మా పద్ధతి తెలియకపోవచ్చు.

పరిషత్తు నాటికల్లో మగవాళ్లు ఎక్కువగా సొంత డబ్బు పెట్టుకుని ఇష్టంతో నటించేవాళ్లు. ఆడవాళ్లం మాత్రం పారితోషికం తీసుకుని వెళతాం. మమ్మల్ని లేడీ ఆర్టిస్టులంటారు. ఒక సీజన్‌లో ఒకే ఆర్టిస్టు రెండు మూడు సమాజాలకు పనిచేస్తుంది. ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు పిలుస్తారు, రిహార్సల్స్ చేస్తాం, పరిషత్తు వాళ్లు స్క్రూటినీకి వచ్చి చూసి వెళతారు, ఎంపికైతే ఆ ఊరికి బయలుదేరుతాం. అంటే నా బతుకుతెరువు ఫోన్ మీద నడుస్తుంది. ఎవరికి నా పేరు గుర్తుంటే వాళ్లు ఫోన్ చేస్తారు. కాబట్టి పరిచయాలు అక్కరలేదని నేను అనను, నాకు పరిచయాలే పెట్టుబడి.

కానీ ఆ పరిచయాలు ఎక్కడ పెంచుకోవాలన్నది నేను మొదటి సంవత్సరాల్లోనే నిర్ణయించుకున్నాను. ప్రదర్శన అయ్యాక పరిషత్తు వాళ్లు పెట్టే భోజనానికి తప్పకుండా వెళతాను. పంక్తిలో అందరితో కూర్చుని తింటాను, పక్క సమాజాల దర్శకులతో మాట్లాడతాను, వాళ్ల నాటికలో నాకు నచ్చిన విషయం వాళ్ల ముఖం మీదే చెబుతాను. వడ్డించేవాళ్ల పేర్లు కూడా నాకు తెలుసు. భోజనం అయ్యాక మిగిలిన లేడీ ఆర్టిస్టులతో కలిసి గదికి వెళ్లిపోతాను. ఆ తరువాత జరిగే సిట్టింగు నాది కాదు. "ఒక్క పది నిమిషాలు కూర్చోమ్మా" అన్నవాళ్లకు, "రేపు పొద్దున్న టిఫిన్ దగ్గర కూర్చుందాం అన్నయ్యా" అని నవ్వుతూ చెప్పాను. నన్ను గౌరవించినవాళ్లు పొద్దున్న నిజంగానే వచ్చి మాట్లాడారు. రానివాళ్లతో నాకు పని లేదని అప్పుడే తేలిపోయింది.

దీనివల్ల నాకు వేషాలు తగ్గలేదా అని అడుగుతారు. ఒకరిద్దరు నిర్వాహకులు నన్ను పిలవడం మానేశారు. ఆ మేరకు నష్టపోయాను, అది దాచను. అయితే నటి దొరకక నాటికలు ఆగిపోయే రంగం మాది, చెప్పిన వేళకు వచ్చి పాఠం కంఠతా పట్టిన ఆర్టిస్టును వదులుకునే సమాజాలు తక్కువ. హైదరాబాదులో ఒక్క సమాజాన్నే నమ్ముకుని ఉన్న మూడోగంటకు ఆ బలం లేదు. అందుకే చెల్లీ, నా సలహా ఒకటే, ఒక్క సమాజానికే కట్టుబడి ఉండవద్దు.

ప్రాంప్టర్
కృష్ణాతీరం గారు చెప్పిన పొద్దున్న టిఫిన్ మాట నాకు చాలా నచ్చింది. మా సమాజంలో పెసరట్టు దగ్గర తేలిన విషయాలు రాత్రి తేలిన విషయాలకంటే ఎక్కువ కాలం నిలిచాయి.

కాంతిరేఖ
లైటింగ్ చేసేవాళ్ల సంగతి కూడా ఒక్కసారి ఆలోచించండి. తెర పడ్డాక మాకు పని పెరుగుతుంది. లైట్లు దించాలి, కేబుళ్లు చుట్టాలి, హాలు వాళ్లకు తాళం అప్పగించాలి. సెట్టు వాళ్లదీ ఇదే పరిస్థితి. మేము బయటికి వచ్చేసరికి మీ సిట్టింగు సగం ముగిసి ఉంటుంది, మాకు ఒంట్లో ఓపిక కూడా మిగలదు. అయినా మాకు పనులు వస్తూనే ఉన్నాయి. ఎందుకంటే లైటింగ్ బాగుందో లేదో హాలులో కూర్చున్న ప్రతివాడికీ కనిపిస్తుంది, పక్కన కూర్చుని మాట్లాడినందుకు ఎవరూ లైటింగ్ పని ఇవ్వరు. నటీనటుల ఎంపికకు మాత్రం మరో కొలమానం ఎందుకు పెట్టుకున్నామో దర్శకులు చెప్పాలి.

నల్లతెర
కాంతిరేఖ గారూ, నటనకు అలాంటి కొలమానం సాధ్యం కాదు. లైటు వెలగకపోతే తెలుస్తుంది. ఇద్దరు నటులు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు దర్శకుడు తనకు మనసు కలిసినవాళ్లనే తీసుకుంటాడు, అది మానవ సహజం. నెలల తరబడి రోజూ చూడవలసిన ముఖాలు కదా అవి. మనసు కలవడానికి రిహార్సల్ సమయం చాలదు, అక్కడ పని తప్ప వేరే మాటకు చోటు ఉండదు. పని తరువాత గడిపే కాలంలోనే మనిషి అర్థమవుతాడు. బృందంలో ఒకరి పట్ల ఒకరికి చనువు ఉంటే అది రంగస్థలం మీద కనబడుతుంది, ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. నేను ఈ విషయంలో పాతకాపు గారి పక్షమే.

ప్రాంప్టర్
చనువు కావాలన్నది ఒప్పుకుంటాను. అది రాత్రి పదకొండు తరువాతే పుడుతుందని ఎందుకనుకోవాలి?

బెంగళూరు_తెలుగు
నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటూ, అక్కడి కన్నడ, ఇంగ్లీషు బృందాలతో పనిచేస్తున్నాను. 2004లో మొదలైన రంగశంకర థియేటరు ఇక్కడి నాటకరంగానికి కేంద్రం. నాటకం చెప్పిన వేళకు మొదలవుతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. ఈ నియమం మన చర్చకు సంబంధం లేనిదిగా కనిపించవచ్చు గానీ చాలా సంబంధం ఉంది. వేళకు మొదలైతే వేళకు ముగుస్తుంది. అదే ఆవరణలో క్యాంటీన్ ఉంది. నాటకానికి ముందు, తరువాత నటులు, దర్శకులు, ప్రేక్షకులు అందరూ అక్కడే కాఫీ తాగుతూ నిలబడతారు. కొత్తగా వచ్చిన మనిషి ఎవరి అనుమతీ లేకుండా ఎవరి దగ్గరికైనా వెళ్లి మాట్లాడవచ్చు. నాకు ఇక్కడ దొరికిన మొదటి పాత్ర అలా కాఫీ కప్పుతో నిలబడి మాట్లాడిన ఒక దర్శకురాలి ద్వారా వచ్చింది, అప్పటికి ఇంకా చీకటి కూడా పడలేదు.

ముంబైలో జుహూలోని పృథ్వీ థియేటరు దగ్గర కూడా ఇదే రకమైన కేఫ్ ఉంది. మన దగ్గర ఆరున్నరకని కరపత్రంలో వేసి, జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, సన్మానాలు ముగించి ఎనిమిదికి తెర లేపుతాం. ప్రేక్షకుడూ నటుడూ కలుసుకోగలిగే ఆ గంటన్నర సభకు పోతుంది. ఇక మిగిలేది అర్ధరాత్రే. మూడోగంట సమస్యకు సగం కారణం ఈ ఆలస్యమేనని నా అభిప్రాయం.

పరిషత్తు_పాతకాపు
సన్మానాల మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ దాతలు లేనిదే పరిషత్తులు నడవవు నాయనా, టిక్కెట్టు కొని నాటకం చూసే అలవాటు మన దగ్గర తక్కువ. దాతను వేదిక మీదకి పిలవకుండా ఉండడం సాధ్యం కాదు.

బెంగళూరు_తెలుగు
పిలవండి, నాటకం తరువాత పిలవండి. దాత కూడా నాటకం చూసినట్లవుతుంది.

హార్మోనియం
మా పద్య నాటకాల వైపు లెక్క తలకిందులుగా ఉంటుంది. పల్లెల్లో జాతరలకు, తిరునాళ్లకు ఆడే నాటకాలు రాత్రి మొదలై తెల్లవారుజామువరకు నడుస్తాయి. పద్యానికి వన్స్ మోర్ పడితే ఇంకా పొద్దెక్కుతుంది. కాబట్టి మాకు పని తరువాత అంటే వేకువ. టీ కొట్టు దగ్గర కాంట్రాక్టరు లెక్క చూసి డబ్బులు ఇస్తాడు, తరువాతి బుకింగు ఎక్కడో అక్కడే చెబుతాడు. ఆడా మగా అందరూ ఉంటారు, ఎదురుగా బస్సు ఉంటుంది. ఎవరూ ఎవరినీ చాటుకు పిలవరు. ఈ పద్ధతిలో వేరే కష్టాలు చాలా ఉన్నాయి, నిద్ర లేని ఒళ్లు పాడవుతుంది, బేరంలో మోసాలు ఉంటాయి. కానీ బుకింగు విషయం అందరి ముందూ తేలుతుంది కాబట్టి, "నువ్వు కూర్చోలేదు కాబట్టి నీకు లేదు" అన్న మాట మాత్రం నేను వినలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1885లో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లను చూడండి. మిగిలిన సమాజాల్లో మగవాళ్లు ఆడవేషాలు కడుతున్న కాలంలోనే సురభిలో ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. సమాజమంటే కుటుంబమే కావడంతో అది సాధ్యపడింది. నాటకం అయ్యాక అందరూ వెళ్లేది ఒకే గుడారాల వరుసకు, వండుకునేది ఒకేచోట. రాత్రి ఇంటికి ఎలా చేరాలన్న ప్రశ్నే వాళ్లకు లేదు. మనం ఆడవాళ్లను కుటుంబాల నుంచి వేరుగా పిలిచి నాటకాలు వేయడం మొదలుపెట్టాం గానీ, ఆ ప్రశ్నకు జవాబు మాత్రం వాళ్ల మీదనే వదిలేశాం.

మూడోగంట
హార్మోనియం గారి చివరి వాక్యం చదివి కాసేపు ఆగిపోయాను. సరిగ్గా నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన విషయం అది. నాకు ఆ కబుర్లంటే అయిష్టం లేదు. పాత నటుల గురించి, ఆగిపోయిన ప్రదర్శనల గురించి మా పెద్దలు చెప్పే విషయాలు వినాలని నాకూ ఉంటుంది. కానీ విని ఆలస్యమయ్యాక నేను ఇంటికి ఎలా చేరాలో వాళ్లలో ఎవరూ ఆలోచించరు.

వకీలమ్మ
వృత్తిరీత్యా న్యాయవాదిని, సాయంత్రాలు వీధి నాటకాల బృందంతో ఉంటాను. ఈ చర్చలో ఎవరూ వేధింపుల గురించి రాయలేదు, మూడోగంట కూడా అలాంటిది జరిగిందని చెప్పలేదు. అయినా చదివేవాళ్లకు తెలిసి ఉండాలి కాబట్టి చెబుతున్నాను.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నివారించే 2013 చట్టం ఆఫీసులకే పరిమితమని చాలామంది అనుకుంటారు. ఆ చట్టంలో పనిచేసే చోటు అన్న నిర్వచనం కింద సొసైటీలు, ట్రస్టులు, వినోద రంగ సంస్థలు కూడా వస్తాయి. మన సమాజాల్లో ఎక్కువ భాగం సొసైటీలుగా రిజిస్టర్ అయినవే. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా ఉద్యోగి నిర్వచనంలో ఉన్నారు. పని మీద వెళ్లిన ఊరు, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచేసే చోటు కిందికే వస్తాయి. అంటే పరిషత్తుకు వెళ్లినప్పుడు దిగిన లాడ్జి, ఎక్కిన వ్యాను కూడా.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్న సంస్థల వాళ్లు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల లోపల ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలల వరకు గడువు పొడిగించే అధికారం కమిటీకి ఉంది. "పాత్ర కావాలంటే రాత్రి రావాలి" అన్న మాటలో లైంగికమైన కోరిక ఉంటే అది నేరుగా ఈ చట్టం కిందికి వస్తుంది. అలాంటి ఉద్దేశం లేకుండా కేవలం సాంగత్యం కోసం అన్న మాట అయితే చట్టం పట్టించుకోదు, అక్కడ సమాజం తన పద్ధతి తానే మార్చుకోవాలి.

నల్లతెర
వకీలమ్మ గారి సమాచారం విలువైనదే. కానీ ప్రతి బృందంలో కమిటీలు, రిజిస్టర్లు వచ్చి కూర్చుంటే మిగిలే ఆత్మీయత ఎంత అని నాకు దిగులుగా ఉంది. జీతం తీసుకోని పది పన్నెండుమంది ఇష్టంతో చేసే పని ఇది.

వకీలమ్మ
ఆత్మీయత ఉన్నచోట కమిటీకి పని పడదు. ఆత్మీయత పేరు చెప్పి భయపెట్టే మనిషి ఒక్కడు ఉన్నా, ఆ భయపడిన అమ్మాయి మెల్లగా నాటకాలు మానేస్తుంది, ఎందుకు మానేసిందో మీకు చివరిదాకా తెలియదు. "పెళ్లి కుదిరిందట" అని అనుకుంటారు. మీ బృందం నుంచి అలా వెళ్లిపోయినవాళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి.

కృష్ణాతీరం
వకీలమ్మ చెప్పినట్లు వెళ్లిపోయినవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు. నాకంటే బాగా నటించినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

వెన్నెలరేయి
సిట్టింగు ఇప్పుడు ఫోన్‌లోకి కూడా వచ్చేసింది, దాని గురించి కూడా మాట్లాడుకోవాలి. మా సమాజం వాట్సాప్ గ్రూపులో పగలంతా ఒక్క మాట ఉండదు, రాత్రి పదకొండుకు మొదలవుతుంది. తెల్లారి చూసేసరికి రిహార్సల్ వేళ మారి ఉంటుంది, సంభాషణలు మారి ఉంటాయి, ఎవరో అలిగి ఉంటారు. దర్శకుడి ఫేస్‌బుక్ పోస్టు కింద ఎవరు ముందుగా మెచ్చుకున్నారన్నది కూడా లెక్కలోకి వస్తోంది. గ్రూపులో మాట్లాడి, వెంటనే విడిగా "నిద్రపోయావా?" అని మెసేజ్ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి మెసేజ్‌కు నేను పొద్దున్న తొమ్మిదికి, గ్రూపులో అందరికీ కనబడేలా జవాబు ఇస్తాను. "మీరు రాత్రి అడిగిన విషయం, రెండో రంగం గురించే అయితే సాయంత్రం రిహార్సల్‌లో చూద్దాం" అని రాస్తాను. రెండుసార్లు అలా చేశాక ఆ మెసేజ్‌లు ఆగిపోయాయి.

కాంతిరేఖ
మీ పద్ధతి మా ఇంట్లో కొత్తగా నాటకాల్లోకి వచ్చిన అమ్మాయికి చెబుతాను.

తెరచాటు_దర్శకుడు
దర్శకులు జవాబు చెప్పాలన్నారు కాబట్టి చెబుతున్నాను. మాది హైదరాబాదులోనే చిన్న బృందం. పాత్రల ఎంపిక మా దగ్గర రాత్రిపూట జరగదు. కొత్త స్క్రిప్టు అనుకున్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలిచి చదివిస్తాను. ప్రతి ముఖ్య పాత్రనూ కనీసం ఇద్దరి చేత, వీలైతే ముగ్గురి చేత చదివిస్తాను. పాత్ర ఎవరికి ఇచ్చానో, ఎందుకు ఇచ్చానో ఆ రోజే అందరి ముందు చెబుతాను. బాధపడేవాళ్లు ఉంటారు, కానీ కారణం నేరుగా నా నోటి వెంట వింటారు. ప్రదర్శన మీద నా వ్యాఖ్యలు కూడా మర్నాడు గానీ చెప్పను. ప్రదర్శన అయిన వెంటనే నటుడి ఒంట్లో ఇంకా పాత్ర వేడి తగ్గి ఉండదు, అప్పుడు చెప్పిన పొగడ్తా విమర్శా రెండూ తప్పుగానే చేరతాయి.

ఇది చెప్పినంత తేలిక కాదు. నల్లతెర గారు చెప్పిన మనసు కలవడం నిజంగా అవసరమైన విషయమే, నేను కూడా అది చూసుకుంటాను. అందుకే బృందం ఊరికే కలుసుకునే ఏర్పాటు చేసుకున్నాం. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో సాయంత్రం కూర్చుంటాం. అక్కడ చాయ్, సమోసా చవక, వేదిక మీద ఏదో ఒక కార్యక్రమం జరుగుతూ ఉంటుంది, ఎవరైనా ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చు. చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్న మాటలు నాటకానికి చాలా ఇచ్చాయి. అక్కడ మందు ఉండదు కాబట్టి మాటలకు మరుసటి రోజు కూడా విలువ ఉంటుంది.

ప్రదర్శన రాత్రి విషయానికి వస్తే, మా ఖర్చుల పట్టికలో హాలు అద్దె, మేకప్, లైటింగ్‌తో పాటు ఇంటికి చేర్చే కారు ఖర్చు కూడా ఒక పద్దుగా రాస్తాం. ఒకే వైపు వెళ్లేవాళ్లను ఒక కారులో పంపిస్తాం. చివరి మనిషి ఇంటికి చేరానని చెప్పేవరకు మా మేనేజరు నిద్రపోడు. ఆ డబ్బు లేదనే సమాజాలకు నేను చెప్పేది, రెండు శాలువాలు, ఒక జ్ఞాపిక తగ్గించుకోమని.

పరిషత్తు_పాతకాపు
ఖర్చుల పట్టికలో పద్దు పెట్టడం గొప్ప ఆలోచన. మేం లేడీ ఆర్టిస్టులకు దారి ఖర్చులు ఇచ్చేవాళ్లం, కానీ రైలు స్టేషను నుంచి ఇంటికి ఎలా వెళతారో అడిగినవాళ్లం కాదు. పరిషత్తుల నిర్వాహకులు నాకు చాలామంది తెలుసు, ఈ విషయం వాళ్ల దగ్గర ఎత్తుతాను.

డల్లాస్_నాటకం
అమెరికాలో మా తెలుగు నాటకాలన్నీ వారాంతాల్లోనే. ఎవరో ఒకరి ఇంటి గరాజులోనో, హాల్లోనో రిహార్సల్, తరువాత తలా ఒక వంటకం తెచ్చుకున్న భోజనాలు. పిల్లలు పక్క గదిలో ఆడుకుంటూ ఉంటారు, భార్యాభర్తలు ఇద్దరూ వస్తారు. అందువల్ల మూడోగంట చెప్పిన రకం ఇబ్బంది తక్కువ. కానీ మాకు వేరే చిక్కు ఉంది. ఒంటరిగా ఉండే విద్యార్థులు, కొత్తగా వచ్చినవాళ్లు ఆ కుటుంబాల వలయంలోకి రాలేరు. పిల్లల పుట్టినరోజులకు పిలిచేంత దగ్గరివాళ్లకే పాత్రలు వెళతాయి. నాలుగు గోడల మధ్య స్నేహాన్ని బట్టి వేషం ఇచ్చే అలవాటు పగలైనా, మందు లేకున్నా అలాగే ఉంటుంది. కాబట్టి తెరచాటు దర్శకుడు గారు చెప్పిన బహిరంగ పఠనమే ఎక్కడైనా సరైన పరిష్కారమని నాకు అనిపిస్తోంది.

ఒకనాటి_న్యాయనిర్ణేత
పరిషత్తుల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్న అనుభవంతో ఒక్క విషయం కలుపుతాను. నటులు, దర్శకులు కూర్చుని మాట్లాడుకోవడం వాళ్ల ఇష్టం. ఫలితాలు ప్రకటించకముందే న్యాయనిర్ణేతలు ఆ సిట్టింగులో చేరడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం ఎవరిదన్నది కాగితం మీద రాయవలసిన మనిషి, పోటీలో ఉన్న సమాజం పెట్టిన పెగ్గు ముట్టుకుంటే ఎంత నిజాయితీగా మార్కులు వేసినా ఎవరూ నమ్మరు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది, ఆ తరువాతి కాలంలో పోటీలు, బహుమతులే మన నాటకాన్ని నిలబెడుతూ వచ్చాయి. ఆ బహుమతి మీద నమ్మకం పోతే, ఏ పలుకుబడీ లేకుండా మారుమూల నుంచి వచ్చిన సమాజానికి ఇక ఏ ఆసరా ఉండదు. నేను న్యాయనిర్ణేతగా వెళ్లిన ఊళ్లో బహుమతి ప్రదానం అయ్యేవరకు భోజనం గదికే తెప్పించుకునేవాడిని. దాన్ని గర్వమని అన్నవాళ్లున్నారు. బహుమతి ప్రదానం ముగిశాక మాత్రం ఏ సమాజం వచ్చి అడిగినా, ఎంత రాత్రి అయినా కూర్చుని, వాళ్ల నాటికలో మార్కులు ఎక్కడ తగ్గాయో వివరంగా చెప్పాను.

కృష్ణాతీరం
అలా చెప్పిన న్యాయనిర్ణేతలను మేం మరిచిపోము. నాకు ఉత్తమ నటి ఎందుకు రాలేదో ఒక పెద్దాయన విడమరచి చెప్పిన మాటలు ఇప్పటికీ ప్రతి వేషానికీ ఉపయోగపడుతున్నాయి.

నల్లతెర
పైన చాలాసార్లు అడ్డు తగిలాను కాబట్టి నా అభిప్రాయం ఇప్పుడు ఎక్కడుందో చెబుతాను. బృందం పని వేళల తరువాత కలవాలి, అందులో నాకు సందేహం లేదు. నా ఇరవైల్లో విన్న ఆ మాటలు లేకపోతే నేను ఈ రంగంలో ఉండేవాడిని కాదు. అయితే ఆ కలయికలో పాత్రల మాట ఎత్తకూడదన్న నియమం పెట్టుకోవచ్చు. జ్ఞాపకాలు, పద్యాలు, వాదనలు అన్నీ ఉండనివ్వండి, పంపకం మాత్రం పగలు జరగనివ్వండి. అప్పుడు రాలేనివాళ్లకు నష్టం ఉండదు, వచ్చినవాళ్లు కూడా వేషం కోసం వచ్చారన్న మాట పడరు. నిజానికి వేషం కోసం వచ్చి కూర్చునేవాళ్ల వల్ల ఆ సంభాషణ చెడిపోతుంది, వాళ్లు దేనికీ అడ్డు చెప్పరు.

పరిషత్తు_పాతకాపు
చక్కగా చెప్పారు. వాదించే మనిషి లేని అరుగు మీద ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

మూడోగంట
అందరి మాటలూ ఒకటికి రెండుసార్లు చదివాను. నిన్న రిహార్సల్‌కు ముందు మా దర్శకుడితో విడిగా కాకుండా, మా సమాజం కార్యదర్శి కూడా ఉండగా మాట్లాడాను. పోయిన పాత్ర గురించి అడగలేదు. తరువాతి నాటకానికి పాత్రల ఎంపిక అందరి ముందు చదివించి చేయాలని, ప్రదర్శన రాత్రి ఇంటికి చేర్చే ఖర్చు పద్దులో రాయాలని ఈ రెండే అడిగాను. కార్యదర్శి రెండో దానికి వెంటనే ఒప్పుకున్నారు. మొదటి దానికి దర్శకుడు, "ఇన్నేళ్లుగా లేని పద్ధతి ఇప్పుడెందుకు" అన్నారు గానీ, కాదని కూడా అనలేదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో పెడదామన్నారు. సమాజంలో మరో ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి నాతో సంతకం పెడతామన్నారు. ఆ అబ్బాయి తల్లికి ఒంట్లో బాగుండదు, అతనూ నాలాగే పదింటికే వెళ్లిపోతాడని నాకు ఇప్పటిదాకా తెలియదు.

కృష్ణాతీరం అక్క చెప్పినట్లు మరో బృందంతో కూడా పనిచేయాలనుకుంటున్నాను. తెరచాటు దర్శకుడు గారూ, మీ ఆదివారం పఠనానికి బయటివాళ్లు రావచ్చా?

తెరచాటు_దర్శకుడు
తప్పకుండా రావచ్చు. ఈ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి ఐదింటికి ముగిస్తాం. స్క్రిప్టు ముందుగా పంపిస్తాను, అందులో తల్లి పాత్ర, టీచరు పాత్ర రెండూ చదువుకుని రండి. మీతో సంతకం పెడతానన్న ఆ అబ్బాయిని కూడా తీసుకురండి, నాకు తమ్ముడి పాత్రకు ఇంకా ఎవరూ దొరకలేదు.